తేనె పూత

టైరు ముందు పీట వేసుకుని కూర్చోగానే పిన్ని మొదట బొటనవేలితో రబ్బరు నొక్కి చూస్తుంది. వేలు కాస్త లోపలికి దిగి, తీయగానే రబ్బరు మళ్ళీ పైకి లేస్తే ఆ టైరుకి పాలు. వేలు చెక్క మీద ఆనినట్టు ఆగిపోయి, పక్కభాగం మీద ఎండిన సబ్బు బిళ్ళకు పడేలాంటి సన్నని బీటలు తగిలితే తేనె.

పాలు, తేనె అన్నవి ఆ యార్డులో వాళ్ళు పెట్టుకున్న పేర్లు. పాత కార్లు కొని, కడిగి, మెరుగుపెట్టి అమ్మే చోటు అది. షెడ్డు చివరి అరలో రెండు డబ్బాలు ఉంటాయి. వాటి మీద అచ్చు వేసిన పేర్లు పొడుగ్గా ఉండడంతో ఎవరూ వాటి జోలికి పోరు. ఒకదానిలోది తెల్లగా, పల్చగా, నీళ్ళలో కలిసిపోయే పాలిష్. అది పూస్తే టైరు తన సొంత నలుపులోకి వచ్చి ఆగిపోతుంది. బీట ఉంటే బీట కనిపిస్తూనే ఉంటుంది. రెండో డబ్బాలోది చిక్కటి జిడ్డు, స్పాంజి ఎత్తితే తీగలా సాగుతుంది. బీటల్లోకి దిగి, అంచుల్ని కలిపేసి, పైన అద్దంలా నిలబడుతుంది. అలా నాలుగైదు రోజులు, ఎండ మరీ తీవ్రంగా లేకపోతే వారం. ఆ లోపల కారు అమ్ముడైపోతే చాలు.

ఆమెను అందరూ టైర్ల పిన్ని అంటారు. గీతలు పడిన చోట రంగు వేసే ముసలాయన రంగుల బాబాయి. ఈ రెండు పిలుపులూ పక్కపక్కన వినిపిస్తే కొత్తగా వచ్చినవాళ్ళు ఇద్దర్నీ ఆలుమగలనుకుంటారని పిన్ని ఆయన్ని నలుగురి ముందూ గట్టిగా "అన్నయ్యా" అని పిలుస్తుంది.

"నువ్వలా అన్నయ్యా అన్నయ్యా అని అరిస్తే, నన్ను బాబాయి అనేవాళ్ళకి నువ్వు అత్తవవుతావు. మళ్ళీ అదో తంటా," అంటాడాయన.

సోమవారం పొద్దున లారీ మీద మోసుకొచ్చి ఒక కారును యార్డు వెనక దింపారు. నీలం రంగు కారు. ముందు ఎడమ చక్రం ఉండాల్సిన చోట వంగిన రిమ్ము, దాని చుట్టూ పేలికల్లా వేలాడుతున్న రబ్బరు. ఆ వైపు తలుపు లోపలికి మడతపడి ఉంది. సీటు మీద గాజు ముక్కలు పంచదార ఒలికినట్టు పడి ఉన్నాయి.

"మనం అమ్మిందే," అన్నాడు రంగుల బాబాయి దగ్గరికి వచ్చి. "మందుల షాపు ఆయన కొన్నాడు గుర్తుందా. ఇరవై రోజులు కూడా కాలేదు."

"ఆయనకేమైంది అన్నయ్యా?"

బాబాయి తల అడ్డంగా ఊపి, చేతిలో ఉన్న గరుకు కాగితాన్ని రెండుగా మడిచి, మళ్ళీ విప్పాడు.

పిన్ని కారు చుట్టూ తిరిగింది. మిగిలిన మూడు టైర్ల మీదా దుమ్ము దట్టంగా పట్టి ఉంది. వెనక కుడివైపు టైరు మీద వేలితో అడ్డంగా గీసింది. గీసినంత మేరా దుమ్ము కింద మిగిలిన జిడ్డు నల్లగా బయటపడింది. ఆ టైరుకి రిమ్ము దగ్గర గోరు ముక్క ఆకారంలో చిన్న కోత ఉండేది. పాత పళ్ళ బ్రష్ తెచ్చి, దానితో ఆ కోతలోకి మూడుసార్లు తేనె కూరింది తను. మేనేజరు అప్పుడు వంగి చూసి, "ఎక్కడుందో చెప్పు పిన్నీ, పందెం, నేను కనిపెట్టలేను," అన్నాడు. ఆ రోజు ఇంటికి వెళ్తూ ఆ మాటే రెండు మూడుసార్లు తలచుకుంది. ఇప్పుడు వేలితో వెతికితే కోత దొరికింది. పూత ఇంకా అందులోనే ఉంది.

మేనేజరు గాజు గదిలోంచి ఫోను చెవికి పెట్టుకునే వచ్చాడు. నవ్వుతూ పలకరించే మనిషి, ఎవరి మీదా గొంతు పెంచడు. ఫోను జేబులో వేసుకుని కారును కాసేపు చూశాడు.

"పాపం. మంచి మనిషి," అన్నాడు. తర్వాత కాలితో వెనక టైరును తట్టాడు. "ఇవి మూడూ నిక్షేపంగా ఉన్నాయి. విప్పించి ఆ తెల్ల కారుకి వేయిద్దాం. దాని టైర్లు మరీ గుండు కొట్టించినట్టున్నాయి. నాలుగోది గోడౌన్లో చూద్దాం."

"ఇవి గట్టిపడిపోయాయి సార్," అంది పిన్ని.

"టైరు గట్టిగా ఉండకపోతే ఇంకేం గట్టిగా ఉండాలి పిన్నీ."

"ఎలా జరిగిందంట?"

"ఎలా ఏముంది, స్పీడు. రిపోర్టులో అదే రాశారు, అతివేగం అని. చేతికి బండి వస్తే జనానికి కాలు ఊరుకోదు." అప్పటికే ఆయన ఫోను మళ్ళీ మోగుతోంది.

మంగళవారం పదకొండు గంటలప్పుడు ఒకావిడ గుడ్డ సంచి పట్టుకుని వచ్చింది. మందుల షాపు ఆయన అక్క. కారులో తమ్ముడి వస్తువులేమైనా ఉంటే తీసుకోవడానికి వచ్చానని చెప్పింది. మేనేజరు ఆవిడకి కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇప్పించి, ఏదో కాగితం మీద సంతకం తీసుకున్నాడు. "పిన్నీ, కాస్త తోడు వెళ్ళు. గాజు గుచ్చుకుంటుంది," అన్నాడు.

అప్పటికి కారు కింద ఇటుకలు పెట్టి చక్రాలు విప్పేశారు. ఆవిడ దాన్ని చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత సంచి భుజానికి తగిలించుకుని, వంటింట్లో పనికి దిగినట్టు దిగింది. నీళ్ళ సీసా. మడత గొడుగు. నడుము నొప్పికి వెనక పెట్టుకునే చిన్న దిండు. దిండును కారు బయటికి తెచ్చి, గాజు ముక్కలు రాలేదాకా నెమ్మదిగా దులిపింది. పెడల్ కింద ఒక చెప్పు ఉంది. రెండోదాని కోసం ఇద్దరూ వెతికారు. దొరకలేదు. ఆవిడ ఉన్న ఒక్కదాన్నీ కాగితంలో చుట్టి సంచి అడుగున పెట్టుకుంది.

"మీరిక్కడ ఏం పని చేస్తారక్కా?"

"కడుగుతాను. టైర్లు చూస్తాను."

"ఐతే ఇది చూడండి." ఆవిడ ఫోను తీసి, వేలితో అటూ ఇటూ జరిపి, ఒక ఫోటో దగ్గర ఆపింది. "కొన్న రోజు మా అందరికీ పంపించాడు."

నీలం కారు పక్కన ఆయన నిలబడి ఉన్నాడు. బానెట్ మీద చెయ్యి వేశాడు గాని, వేయొచ్చో లేదో అన్నట్టు వేళ్ళు మాత్రమే ఆనించాడు. ముందు టైరు పొద్దుటి ఎండలో నల్లగా నిగనిగలాడుతోంది. ఫోటో మొత్తంలో వెలుగు పట్టింది అదే.

"'టైర్లు కూడా కొత్తవే వచ్చాయి అక్కా, అదృష్టం,' అన్నాడు నాతో. ఇలాంటి టైరు పేలుతుందా? ఈ పనిలో ఉన్నవారు కదా, అందుకని అడుగుతున్నా."

పిన్ని చేతిలో ఉన్న నీళ్ళ సీసా మూత బిగించింది. అది బిగించే ఉంది.

"నాకు తెలియదమ్మా," అంది.

"అతివేగం అని రాసి ఇచ్చారు. మావాడు బజారుకి బయల్దేరితే, వెనక వెళ్ళినవాళ్ళు ముందు తిరిగొచ్చేవాళ్ళు. సైకిలు తొక్కినప్పుడు కూడా మలుపు వస్తే దిగి నడిపించేవాడు. మా ఇంట్లో అందరూ వాణ్ణి ఆ మాటే అని ఏడిపించేవాళ్ళం." ఆవిడ ఫోను ఆపేసి సంచిలో వేసుకుంది. "పోయినవాడు ఎటూ పోయాడు. తప్పు కూడా వాడి నెత్తినే పెట్టి పంపించారు. అదొక్కటే మింగుడు పడడం లేదు."

గేటు దాకా పిన్ని వెంట వెళ్ళింది. ఆవిడ వెనక్కి తిరిగి, "మీ చేతికి గాజు గీసుకుంది, చూసుకోండి," అని చెప్పి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఒక గంట పిన్ని ఇంటికి వెళ్ళి వస్తుంది. రెండు వీధుల అవతల ఇస్త్రీ షాపు మీద ఒకే గది. అందులో ఆమె, ఆమె అత్త ఉంటారు. అత్తకు చూపు పోయి వెలుగు నీడ మాత్రమే తెలుస్తాయి. కంచం ముందు పెట్టి, ఏది ఎటు ఉందో చెబితే తనే తింటుంది. ఎవరైనా తినిపించబోతే మాత్రం మూతి బిగించేస్తుంది.

"ఇవాళ నీ చేతులకి సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదేమిటి," అంది అత్త, అన్నం కలుపుకుంటూ. "రోజూ ఆ జిడ్డు కంపుతో వచ్చేదానివి. పని మానేశావా?"

"కడుక్కున్నాను."

"కడుక్కున్నావు సరే. ఎన్నిసార్లు?"

పిన్ని గోడకు ఆనుకుని కూర్చుంది. కింద నుంచి ఇస్త్రీ పెట్టె బల్ల మీద ఆనించిన చప్పుడు ఉండి ఉండి వినిపిస్తోంది. జరిగింది చెప్పింది. చెప్పడానికి పెద్దగా మాటలు పట్టలేదు.

అత్త నములుతూనే వింది. "స్టీరింగు నువ్వు తిప్పావా?"

"లేదు."

"కారు నువ్వు అమ్మావా?"

"లేదు."

"మరింకేం."

"నేను పూశాను కదా అత్తయ్యా."

అత్త ముద్ద మింగింది. తర్వాత తన చెంపలు రెండు వేళ్ళతో పట్టుకుని లాగింది. "నాకూ కాస్త తెచ్చి పుయ్యి. వారం నిలుస్తుందన్నావుగా. నా లెక్కకి వారం చాలు."

మామూలుగా ఇలాంటి మాటలకి పిన్ని నవ్వుతుంది. నవ్వు వినిపించకపోయేసరికి అత్త తల ఇటు తిప్పింది.

"ఆవిడ అడిగినప్పుడు నువ్వేమన్నావు?"

"తెలియదన్నాను."

అత్త చెయ్యి కంచం మీదే ఆగిపోయింది. "చేతితో చేసిందంటే వాళ్ళు చేయించారు. ఈ మాట మాత్రం నీ నోటితో నువ్వే అన్నావు," అంది. కోపంగా అనలేదు. అని, కంచంలో మజ్జిగ కోసం తడుముకుంది.

బుధవారం ఆ మూడు చక్రాలూ తెల్ల కారుకి ఎక్కాయి. గురువారం పొద్దున కారు షెడ్డులోకి వచ్చింది. మేనేజరు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "శనివారం పార్టీ వస్తుంది. తేనె పట్టించు పిన్నీ, రెండు పూతలు," అన్నాడు.

"పాలు పెడదాం సార్."

"ఎందుకు?"

"వీటికి అదే బాగుంటుంది."

మేనేజరు నవ్వాడు. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుని, గొంతు బాగా తగ్గించాడు. "పిన్నీ, ఆవిడ వచ్చి ఏడ్చిందని నీ మనసు పాడైంది. నాకు తెలుసు. నాకూ రెండు రోజులు తిండి సయించలేదు. కాని ఒకటి చెప్పు. మధ్యాహ్నం గంటసేపు ఇంటికి పంపించే చోటు ఈ ఊళ్ళో ఇంకోటి చూపించు. ఒక్కరోజైనా ఎందుకు ఆలస్యమైందని అడిగానా? మీ అత్తగారి కళ్ళు చూపించడానికి వెళ్తే కారిచ్చి పంపించానా లేదా?"

"ఇచ్చారు సార్."

"మరి," అన్నాడు, లేచి, స్టూలు మళ్ళీ తీసిన చోటే పెట్టి.

పిన్ని బకెట్టులో సబ్బు నీళ్ళు కలుపుకుంది. టైరు తడిపి బ్రష్‌తో రుద్దడం మొదలుపెట్టింది. మొదట వచ్చే నురగ టీ రంగులో ఉంటుంది. పాత పూతా, దుమ్మూ, రబ్బరు లోపలి నుంచి ఊరే గోధుమ రంగూ అన్నీ కలిసి కారతాయి. నురగ తెల్లబడేదాకా రుద్దాలి. మూడోసారికి తెల్లబడింది. గాలి పైపుతో అక్షరాల సందుల్లోంచీ, రిమ్ము అంచులోంచీ నీళ్ళు ఊదింది. తడి ఉండగా పూస్తే తేనె పట్టుకోదు, చక్రం తిరగగానే చిటపటా చిమ్మి కారు ఒళ్ళంతా చుక్కలు పడుతుంది. ఎండలో పావుగంట ఆరనిచ్చింది.

ఆరిన టైరు బూడిద రంగులోకి వచ్చింది. పూత లేకుండా దాన్ని అంత దగ్గరగా, అంతసేపు ఆమె ఎన్నడూ చూడలేదు. బీటలు రిమ్ము చుట్టూ వలయాలుగా ఉన్నాయి. అక్షరాల కింద చిన్న కోడిగుడ్డు ఆకారపు గడి, అందులో నాలుగు అంకెలు. మూడు, ఒకటి, ఒకటి, నాలుగు. ఆ గడి గురించి రంగుల బాబాయి ఎప్పుడో చెప్పాడు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. టైరు పుట్టిన తేదీ అది. మనుషులు అబద్ధం చెప్పుకుంటారు గాని దీనికి ఆ అవకాశం లేదమ్మా, అని నవ్వాడు అప్పుడు. రెండో టైరు మీదా అవే అంకెలు, మూడోదాని మీదా అవే. గోడౌన్ నుంచి తెచ్చినదాని మీద ఏడాది తేడా.

వంపు తిరిగిన స్పాంజి మీద తేనె పోసుకుంది. రిమ్ము దగ్గర మొదలుపెట్టి, గుండ్రంగా, బయటి అంచు వైపు పూసుకుంటూ వచ్చింది. బూడిద రంగు మీద నలుపు వెడల్పవుతూ పోయింది. గోరు ముక్కలాంటి ఆ కోతలో పళ్ళ బ్రష్‌తో కూరింది. చేతులకి ఆ పని ఎవరూ చెప్పక్కర్లేదు. గడి దగ్గరికి వచ్చేసరికి స్పాంజి ఎత్తింది. చూపుడు వేలికి గుడ్డ చుట్టుకుని గడి అంచు వెంబడి తుడిచి, లోపలి అంకెలు పొడిగా ఉన్నాయో లేదో చూసింది. మిగతాదంతా పూసింది. రెండో పూత వేసినప్పుడూ అంతే. నాలుగు టైర్లకీ అంతే.

నిలబడి చూస్తే ఏమీ తెలియదు. చక్రం ముందు గొంతుకూర్చుంటే మాత్రం నిగనిగలాడే నలుపు మధ్యలో మసి అంటని చిన్న కిటికీలా ఆ గడి తెల్లగా కనిపిస్తుంది.

మధ్యాహ్నం బాబాయి తలుపు కింది అంచు మీద రంగు సర్దడానికి వచ్చి నేల మీద కూర్చున్నాడు. కాసేపటికి చెయ్యి ఆపాడు.

"ఇక్కడ వదిలేశావు."

"ఊఁ."

"నాలుగింటికీనా?"

"ఊఁ."

ఆయన బ్రష్‌ను సీసాలో ముంచి, గాజు అంచుకు రాసి, మళ్ళీ ముంచాడు. "ఈమధ్య నాకు దగ్గరవి సరిగా కనిపించి చావడం లేదు," అన్నాడు. మళ్ళీ పనిలో పడ్డాడు. మేనేజరు సాయంత్రం నిలబడే చూసి, "నీ చెయ్యి చెయ్యే పిన్నీ," అని వెళ్ళిపోయాడు. మోకాళ్ళ నొప్పులతో ఆయన కిందికి వంగేది ఎప్పుడో ఒకసారి.

శనివారం మధ్యాహ్నం పిన్ని ఇంటి నుంచి వచ్చేసరికి వాళ్ళు అక్కడే ఉన్నారు. అతను ఎవరి దగ్గరో పనిచేసే డ్రైవరు. చొక్కా జేబులో పెన్ను, ఎండకి ఒకవైపే కమిలిన చెయ్యి. సొంతానికి కారు కొనుక్కుని బాడుగకి తిప్పుకుందామని వచ్చాడు. భార్య ఇస్త్రీ మడత చెదరని చీర కట్టుకుని గాజు గదిలో కుర్చీ అంచున కూర్చుంది. పదేళ్ళ కూతురు అప్పుడే వెనక సీట్లోకి ఎక్కి, అద్దం పైకీ కిందికీ జరుపుతోంది.

సంతకాలు అవుతున్నాయి. అతను తన వంతు పెట్టేసి బయటికొచ్చి కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. పిన్ని షెడ్డు నీడలో ఇంకో కారు ముందు పీట వేసుకుని, బ్రష్ ఆపి, అతన్నే చూస్తోంది. అతను బానెట్ ఎత్తాడు, దించాడు. ముందు ఎడమ చక్రం దగ్గర గొంతుకూర్చున్నాడు. తల ఒక పక్కకి వంచాడు.

అతని వేలు గడి మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. తర్వాత బొటనవేలి గోరుతో రబ్బరు నొక్కాడు, పక్కన ఇంకోచోట నొక్కాడు. లేచి వెనక చక్రం దగ్గరికి వెళ్ళాడు. ఆ పక్కకి వెళ్ళి మిగతా రెండూ చూశాడు. పిన్ని బ్రష్ కింద పెట్టింది. ఇప్పుడు గాజు గదిలోకి వెళ్తాడు, ఇప్పుడు గొంతు పైకి లేస్తుంది, అనుకుంది.

అతను ఆమె దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, టైర్లకి మీరేనా పూసింది?"

"నేనే."

"ఒక చోట పూత అంటలేదు. నాలుగింటికీ ఒకే చోట."

"అవును."

"వేసెయ్యండి."

పిన్నికి ఒక్క క్షణం అర్థం కాలేదు. "అక్కడ ఏముందో చూశారా బాబూ?"

"చూశాను." అతను గాజు గది వైపు ఒకసారి తిరిగి చూసి, ఆమె పక్కన కూర్చున్నాడు. "పద్దెనిమిదేళ్ళ నుంచి స్టీరింగు పట్టుకుని బతుకుతున్నానమ్మా. నాకు తెలియకేం. రెండు వచ్చే నెల మారుస్తా, రెండు ఆ పై నెల. బండి నాలుగు రోజులు తిరగనివ్వండి ముందు. మా ఆవిడకి నంబర్లు చదవడం ఒక జబ్బు. గోడ మీదున్నా, బస్సు మీదున్నా చదివేస్తుంది. రెండు బండ్లు ఇలాగే ఏదో ఒకటి చదివి వద్దంది. ఇది కూడా పోతే నేను ఇంకొకళ్ళ కారు తలుపు తీస్తూనే ముసలివాణ్ణవుతాను."

"ఈ టైర్లు ఇంకో కారువి. ఆ కారు మొన్న..."

అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె నోటికి అడ్డం పెట్టినంత దగ్గరగా పెట్టాడు.

"చెప్పకండమ్మా. వింటే నడపలేను."

అతని కళ్ళలో దబాయింపు లేదు. అది ఉంటే ఆమెకి సులువుగా ఉండేది. పిన్ని లేచి, అరలోంచి డబ్బా దించి, స్పాంజి తీసుకుని తెల్ల కారు దగ్గరికి నడిచింది. ముందు ఎడమ చక్రం దగ్గర పీట వేసుకుంది. స్పాంజి మీద తేనె పోసుకుంది.

గాజు తలుపు తెరుచుకుంది. భార్య కాగితాల కవరు గుండెకి ఆనించుకుని వచ్చింది. ముఖం తేటగా ఉంది. ఇంతసేపూ బిగబట్టుకున్నదేదో వదిలేసిన మనిషిలా చక్రం దగ్గర ఆగింది.

"ఎంత నల్లగా ఉన్నాయో. ఇది మా ఆయన బూట్లకి పుయ్యొచ్చా అక్కా? ఎప్పుడు చూసినా బూడిద కొట్టుకుని ఉంటాయి."

"బూట్లకి పనికిరాదమ్మా. జారతారు."

"ఈయన జారితే నాకు కాస్త నవ్వుకోడానికైనా ఉంటుంది." ఆవిడ వంగింది. "కొత్తవేనా ఇవి?"

"కొత్తవాటి కిందే లెక్క," అన్నాడు భర్త వెనకనుంచి.

"నిన్ను కాదు. నువ్వు పెళ్ళైన కొత్తలో సైకిలుకి బ్రేకులున్నాయన్నావు." ఆవిడ పిన్ని వైపే చూసింది. "మీరు చెప్పండక్కా."

స్పాంజి అంచున తేనె కూడి, బొట్టు కట్టి, పిన్ని పాదం మీద పడింది. తెలియదమ్మా అన్న మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది. దాన్ని దాటి ఇంకో మాట బయటికి రావడం లేదు. మాట్లాడడం చేతకాక స్పాంజి కింద పెట్టింది. భుజం మీది గుడ్డ తీసి, గడి చుట్టూ ఉన్న పూతను గట్టిగా తుడిచింది. ఒకసారి, రెండుసార్లు, బీటలు బయటపడేదాకా తుడిచింది. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని, చూపుడు వేలిని రబ్బరు మీద పెట్టి, పైనుంచి తన వేలితో నొక్కింది.

"దిగుతోందా?" అంది.

"లేదు."

"దిగాలి." గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "అక్కడ అంకెలున్నాయి. చదవండి."

"మూడు, ఒకటి, ఒకటి, నాలుగు."

"చివరి రెండూ సంవత్సరం. టైరు తయారైన సంవత్సరం."

ఆవిడ వేలు తీయలేదు. పెదవులు కొంచెం కదిలాయి. "పద్నాలుగు," అంది. తల తిప్పి వెనక సీటు అద్దం వైపు చూసింది. అద్దం కిందికి జారింది, కూతురు ముఖం కనిపించింది, అద్దం మళ్ళీ పైకి వెళ్ళింది.

"మా పిల్ల పుట్టిన సంవత్సరం," అంది.

ఆవిడ లేచి, వెనక తలుపు తీసింది. "దిగమ్మా."

"ఎందుకు? మనదే కదా."

"దిగు."

"సంతకాలైపోయాయే," అన్నాడు భర్త. నిదానంగా, బతిమాలుతున్నట్టు అన్నాడు. "అన్నీ అయిపోయాయి. ఇప్పుడు దిగి ఏం చేస్తావు?"

"నువ్వు నడుపుకో. నేనూ ఇదీ నడిచొస్తాం." ఆవిడ కవరు అతని చేతిలో పెట్టింది. అతని ముఖం వైపు అప్పుడే సూటిగా చూసింది. "నీకు ముందే తెలుసు," అంది. అతను చేతిలోని కవరు వైపు చూశాడు.

మేనేజరు నవ్వుకుంటూ బయటికి వచ్చి, తుడిచిన చోటు చూసి, నవ్వు చెరగనివ్వకుండానే, "పిన్నికి వయసైపోయింది మేడం, ఏది పూస్తుందో ఏది తుడుస్తుందో," అన్నాడు. తల్లీ కూతురూ అప్పటికే గేటు దగ్గరికి వెళ్ళిపోయారు. అతను కవరు పట్టుకుని వాళ్ళ వెంట నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, కారు తలుపు తీసి కూర్చున్నాడు. తాళం తిప్పడానికి చాలాసేపు పట్టింది.

మేనేజరు పిన్ని దగ్గరికి వచ్చాడు. కేకలేస్తాడేమోనని బాబాయి కూడా రెండడుగులు ముందుకు వేశాడు. ఆయన మామూలు గొంతుతోనే మాట్లాడాడు.

"మీ అత్తగారి దగ్గర మనిషి ఉండాలి పిన్నీ. ఎన్నాళ్ళని ఇలా మధ్యాహ్నం మధ్యాహ్నం పరుగులు పెడతావు? సోమవారం నుంచి ఆవిడ దగ్గరే ఉండు. రోజంతా ఉండు."

పిన్ని తల ఊపింది. డబ్బా మూత బిగించి అరలో పెట్టింది. స్పాంజి పిండి, తిరగేసి, గట్టు మీద ఆరబెట్టింది. చేతులు ఒకసారి కడుక్కుంది. బాబాయి ఏదో అనబోయి, "పీట నీదేగా, తీసుకెళ్ళు," అన్నాడు. "ఉండనీ అన్నయ్యా, వచ్చేవాళ్ళు నేల మీద కూర్చోలేరు," అని ఆమె గేటు దాటింది.

రోడ్డు మీద ఎండ తెల్లగా ఉంది. కొంచెం ముందుగా ఆ తల్లీ కూతురూ పేవ్‌మెంటు మీద నడుస్తున్నారు. వాళ్ళ పక్కనే తెల్ల కారు మనిషి నడకతో సమానంగా పాకుతోంది. ఎడమవైపు అద్దం దించి ఉంది. అతను స్టీరింగు మీద ఒక చెయ్యి ఉంచి, ఇటు వంగి, ఏదో చెబుతున్నాడు. ఆవిడ ముందుకే చూస్తూ నడుస్తోంది. వెనక వచ్చే బళ్ళు హారన్లు కొట్టి, పక్కకి తప్పుకుని వెళ్ళిపోతున్నాయి. అతను వేగం పెంచలేదు. వాళ్ళు ఆగినచోట ఆగి, కదిలినప్పుడు కదిలాడు. చక్రాలు తిరిగినప్పుడల్లా తుడిచిన ఆ ఒక్క చోటు మాసికలా పైకి లేచి, కిందికి వెళ్ళి, మళ్ళీ పైకి లేస్తోంది.

పిన్ని ఇల్లు కూడా అటే. ఆమె త్వరగా నడిస్తే వాళ్ళను రెండు నిమిషాల్లో దాటిపోవచ్చు. ఆమె దాటలేదు. ఆ కారు ఎంత నెమ్మదిగా వెళ్తోందో అంత నెమ్మదిగా, వెనకే నడిచింది.